చేయి అతికించాక సర్వీసింగ్ ఎవరు చేస్తారు?

1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమా చివర్లో 'స్టార్ వార్స్' కథానాయకుడు ల్యూక్ స్కైవాకర్‌కి కొత్త చేయి వస్తుంది. తండ్రి వేటుకి తెగిపోయిన చేతి స్థానంలో యంత్రపు చేయి. మెడికల్ రోబో వేళ్ల మీద గుచ్చి చూస్తుంది, వేళ్లు కదులుతాయి, మణికట్టు దగ్గర చిన్న మూత మూసుకుంటుంది. ల్యూక్ వెళ్లి కిటికీ దగ్గర నిలబడి లేయా భుజం చుట్టూ చేయి వేస్తాడు. అంతే! ఆ చేయి అలవాటవడానికి ఎన్ని నెలలు పట్టింది, మొండిచేతి మీద ఒరుసుకుని పుండు పడిందా, రాత్రిళ్లు లేని వేళ్లు నొప్పెట్టాయా అన్నది కథకి అక్కర్లేదు.

అమెరికాలో డెకా అనే సంస్థ తయారుచేసిన కృత్రిమ చేతికి 2014లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దానికి ల్యూక్ పేరే పెట్టారు. పేరైతే సినిమా నుంచి వచ్చింది గానీ ఆ సులువు రాలేదు. ఈ చేతిని కండరాల సంకేతాలతోనో, పాదానికి కట్టుకున్న సెన్సార్లతోనో ఆడించాలి. కాలు వంచితే చేయి కదలడమన్నది సాధన చేసి నేర్చుకోవాల్సిన పని.

సైన్స్ ఫిక్షన్‌తో నా పేచీ ఇక్కడే. శరీరాన్ని బాగుచేయడం గురించి అది తెగ ఊహించింది. బాగుచేసిన శరీరంతో మర్నాటి నుంచి బతకడం గురించి దాదాపు ఊహించలేదు. ఆపరేషన్ సీన్ ఉంటుంది, సర్వీసింగ్ సీన్ ఉండదు.

1970ల్లో 'ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్' అనే టీవీ సీరియల్ వచ్చింది. ప్రమాదంలో పడ్డ పైలట్‌కి రెండు కాళ్లు, ఒక చేయి, ఒక కన్ను కొత్తవి పెడతారు. అతను గంటకి సుమారు వంద కిలోమీటర్ల వేగంతో పరిగెడతాడు. ఖర్చు ఎంతో పేరులోనే ఉంది, 60 లక్షల డాలర్లు. పెట్టింది ప్రభుత్వం, బదులుగా అతను గూఢచారిగా పనిచేయాలి. పాపం, వద్దనే వీలు అతనికి ఎంతవరకు ఉందో సీరియల్ పెద్దగా పట్టించుకోదు. 1987లో 'రోబోకాప్' ఆ ప్రశ్నని పట్టుకుంది. చచ్చిపోయిన పోలీసును యంత్రంగా మార్చిన కంపెనీ, తమ పెద్ద అధికారుల మీద చేయి వేయకుండా అతని లోపల రహస్య ఆదేశం పెట్టి ఉంచుతుంది. యంత్రం ఎవరిదో శరీరమూ వాళ్లదే అయిపోతుంది. తుపాకుల మోత కాస్త పక్కన పెట్టి చూస్తే, వైకల్యం గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన సినిమాలు అరుదు.

విలన్ ఎవరూ లేకుండానే అలాంటి కథ బయట నిజంగా జరిగింది. ఆర్గస్-2 అనే కృత్రిమ రెటీనాకి (కంటి వెనకుండే, వెలుగును పట్టే పొరకి బదులు పనిచేసేది) 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. కళ్లద్దాల్లో కెమెరా, కంటి లోపల 60 ఎలక్ట్రోడ్లు. పూర్తి చూపు కాదు. వెలుగూ నీడా తెలుస్తాయి, తలుపు అంచు ఎక్కడుందో తెలుస్తుంది. ప్రపంచవ్యాప్తంగా మూడొందల యాభై మందికి పైగా దీన్ని పెట్టించుకున్నారు. తయారుచేసిన సెకండ్ సైట్ కంపెనీ 2019లో ఆ పరికరం తయారీని ఆపేసింది. మరుసటి ఏడాది చాలామంది ఉద్యోగుల్ని తీసేసింది. ఇక ఒక వైరు తెగినా, కళ్లద్దాలు పాడైనా అడగడానికి మనిషి లేకుండా పోయాడు. ఫోన్ పాతబడితే పారేసి ఇంకోటి కొంటాం. కంటి లోపల ఉన్నది పాతబడితే? తీయించుకోవాలంటే మళ్లీ ఆపరేషన్, దానికి తగ్గ ప్రమాదం.

దీన్ని ముందే ఊహించాల్సింది మన కథకులే కదా. గ్రహాంతర యుద్ధాలు ఊహించినవాళ్లకి స్పేర్ పార్టులు దొరకని రోజు ఎందుకు తట్టలేదు? వైకల్యాన్ని కథలో ఒక సమస్యగా పెట్టుకుంటే దానికి పరిష్కారం కావాలి. పరిష్కారం దొరికాక కథ ముందుకు పోవాలి. రోజూ చార్జింగ్ పెట్టుకునే మనిషి ఆ తొందరకి అడ్డం వస్తాడు.

'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్'లో జోర్డీ లాఫోర్జ్ అడ్డం రాకుండానే ఉన్నాడు. పుట్టు అంధుడు, అంతరిక్ష నౌకకి చీఫ్ ఇంజినీర్. కండరాల క్షీణతతో బతికిన జార్జ్ లాఫోర్జ్ అనే అభిమాని పేరు మీద ఆ పాత్రని సృష్టించారు. అతని కళ్లకి పెట్టుకునే వైజర్ మనకి కనిపించని తరంగాలూ చూపిస్తుంది, తలనొప్పీ తెస్తుంది. రెండూ కలిపి చెప్పడమే నాకు నచ్చింది. 1992 నాటి ఒక ఎపిసోడ్‌లో, లోపం ఉన్న పిండాన్ని పుట్టనివ్వని సమాజం ఒకటి ప్రమాదంలో పడుతుంది. దాన్ని కాపాడే ఉపాయం జోర్డీ వైజర్‌లోని టెక్నాలజీ నుంచే దొరుకుతుంది. తమ దగ్గరైతే పుట్టనే పుట్టని మనిషి వల్ల వాళ్లు బతుకుతారు. తమాషా ఏమిటంటే, ఆ వైజర్ పెట్టుకుంటే నటుడు లెవార్ బర్టన్‌కి సరిగా కనిపించేది కాదట. 1996 సినిమాకి వచ్చేసరికి దాన్ని తీసేసి కృత్రిమ కళ్లు పెట్టారు.

కొత్తదే మేలన్నది ఈ కథలన్నిటి నమ్మకం. మాట పోయాక యంత్రంతో మాట్లాడిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ అలా అనుకోలేదు. ఇంకా సహజంగా వినిపించే గొంతులు వచ్చినా 1980ల నాటి ఆ యంత్రపు గొంతునే ఉంచుకున్నారు. అది తన గొంతు అయిపోయింది. పాత హార్డ్‌వేర్ మూలపడే పరిస్థితి వస్తే, అదే గొంతును కొత్త కంప్యూటర్లోకి దించడానికి ఇంజినీర్లు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు.

అసలు లోపం శరీరంలో ఉందా, చుట్టూ కట్టిన లోకంలో ఉందా అని హెచ్.జి. వెల్స్ 1904లోనే అడిగాడు. 'ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్' కథలో, తరతరాలుగా అందరూ అంధులే అయిన లోయలోకి చూపున్నవాడు ఒకడు జారిపడతాడు. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఇక రాజ్యం నాదే అనుకుంటాడు. కానీ అక్కడి ఇళ్లకి కిటికీలుండవు, పనులన్నీ చల్లని రాత్రి వేళ జరుగుతాయి. చీకట్లో తడుముకునేవాడు అతనే. చివరికి అతని పిచ్చి మాటలకి కారణం ముఖం మీద ఉబ్బి కదులుతున్న ఆ రెండేనని, వాటిని తీసేస్తే నయమవుతుందని వైద్యుడు తేలుస్తాడు.

వెల్స్ కథని గుర్తుచేసే సంగతి 1950ల చివర్లో నిజంగా జరిగింది. అంతరిక్ష ప్రయాణంలో శరీరం ఏమవుతుందో తెలుసుకోడానికి నాసా, అమెరికా నౌకాదళం కలిసి బధిరుల కోసం నడిచే గాలాడెట్ కాలేజీ నుంచి 11 మంది బధిరుల్ని తీసుకున్నాయి. చెవి లోపలి భాగం దెబ్బతినడం వల్ల వాళ్లకి కడుపులో తిప్పడమన్నది లేదు. తుఫాను సముద్రంలో ఓడ ఊగిపోతుంటే పరిశోధకులు వాంతులు చేసుకున్నారు, వీళ్లు పేకాడుకున్నారు. ఒక కాలు లేని జాన్ మెక్‌ఫాల్‌ని యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వ్యోమగాముల బృందంలోకి తీసుకోవడానికి మాత్రం 2022 దాకా ఆగాల్సివచ్చింది.

2009లో వచ్చిన 'అవతార్' కథ జరిగేది 2154లో. వెన్నెముకని బాగుచేయడం అప్పటికి సాధ్యమే, కాళ్లు చచ్చుబడ్డ కథానాయకుడు జేక్ సల్లీ దగ్గర డబ్బు లేదంతే. ఒక్క ముక్కలో ఈ నిజం చెప్పేసి సినిమా అడవిలోకి వెళ్లిపోతుంది. అక్కడి గ్రహాంతరవాసుల్లాంటి కొత్త శరీరంలోకి రాగానే అతను పరిగెత్తే సీన్ బాగుంటుంది, కాదనను. చివరికి ఆ శరీరంలోనే ఉండిపోతాడు, పాతది అక్కడే మిగిలిపోతుంది. ఆ అడవిలో ఒక్కో ఆకు ఎలా వెలగాలో కూర్చుని ఆలోచించినట్టున్నారు. నక్షత్రాలు దాటే ఓడలున్న ఆ కాలంలో కూడా జేక్ చక్రాల కుర్చీ మాత్రం ఇవాళ మనం చూసేలాంటిదే. చేతులతో తోసుకుంటూ తిరుగుతాడు.