లెసన్ ప్లాన్ రికార్డు గారికి, ఒక బీఈడీ విద్యార్థిని రాయునది

రికార్డు గారూ,

చెప్పబోయే పాఠాలన్నీ ముందే రాసుకోవడానికి చెన్నై ప్యారిస్ కార్నర్‌లో మిమ్మల్ని కొన్నాను, అట్ట వేశాను, లేబుల్ అంటించాను, ప్రతి పేజీకీ నాలుగు పక్కలా స్కేలు పెట్టి గీతలు కొట్టాను. కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. నా చేతికంటిన స్కెచ్ పెన్ను రంగులు చూసి హాస్టల్ వంటావిడ నేను డ్రాయింగ్ కోర్సు చదువుతున్నాననుకుంటోంది.

తమరిలో నాకు బాగా నచ్చింది "విద్యార్థి స్పందన" అనే గడి. పిల్లలేం జవాబు చెబుతారో ముందురోజు రాత్రి పదకొండింటికే, వాళ్ల మొహం చూడకుండా నేనే రాసేయాలి. చిలక జోస్యం చెప్పేవాడైనా చిలక బయటికొచ్చేదాకా ఆగుతాడు కదండీ!

మొన్న ఉత్తర చెన్నైలో ఒక స్కూల్లో ఆరో తరగతికి పాఠం. "కృషీవలుడు అంటే ఎవరు?" అని అడిగాను. మీలో అప్పటికే నీలం ఇంకుతో "రైతు" అని ఉంది. ఒకడు లేచి "కృష్ణుడి తమ్ముడా మిస్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నా పాఠం పరిశీలిస్తూ వెనక బెంచీలో కూర్చున్న మా బీఈడీ మేడమ్ తప్ప. రైతురా అని చెప్పేసరికి, తిరుత్తణి వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల "మా తాత సేద్యం చేస్తాడు మిస్, మేం సేద్యగాడు అంటాం" అంది. ఎంత మంచి మాట! దాన్ని పట్టుకుని పీరియడంతా నడిపించొచ్చు. కానీ తమరి లెక్కలో ప్రేరణకు, అంటే పాఠం మొదట్లో ఆసక్తి రేపడానికి, అయిదు నిమిషాలే, అవి అయిపోయాయి, ఇక చార్టు చూపించాలి. కూర్చోమన్నాను.

అదే వారం ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం వచ్చింది. అసైన్‌మెంటు: "గిడుగు రామమూర్తి గారి నుండి భావి ఉపాధ్యాయులు గ్రహింపవలసిన అంశములు", పది పాయింట్లు.

ఆయన 1880లో పర్లాకిమిడిలో చరిత్ర చెప్పడానికి చేరిన బడిపంతులు. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోమని ఆయన్ని ఎవరూ అడగలేదు. సవరల్ని ఇంట్లో పెట్టుకుని, వాళ్ల నోటి మాటలు విని రాసుకుని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు డబ్బిస్తానంటే, నాకొద్దు, దాంతో సవరలకు బడి పెట్టండి అన్నాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నాడు. ఆయనంటే వినడానికి తిరిగి చెవులు పోగొట్టుకున్నాడు, తమరు ఏ కొండా ఎక్కలేదే, తమరికి క్వినైన్ ఎవరు పోశారండీ?

ఇదంతా మాట్లాడినట్టే రాసిచ్చాను. ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది: "భాష మరీ వ్యావహారికముగా ఉన్నది. తిరిగి వ్రాయవలెను." వ్యావహారిక భాష కోసం పండితులందరితో తగాదా పడ్డాయన మీద రాసిన అసైన్‌మెంటండీ అది! (మేడమ్‌ని అనను. ఆవిడ బీఈడీ చదివినప్పుడు ఆవిడ రికార్డు మీదా ఎవరో ఇదే ఇంకు పోసుంటారు.) తిరిగి వ్రాసితిని. ఇరవైకి పందొమ్మిది వచ్చినవి.

రేపు పదిహేడో పాఠం. స్పందన గడి ఈసారి పెన్సిల్‌తో నింపాను, రబ్బరు సంచిలో వేసుకున్నాను. ఆ తిరుత్తణి పిల్ల పేరు హాజరుపట్టీలో చూసుకున్నాను, వాళ్ల తాత ఏం పంట వేస్తాడో అడగాలి. ప్రేరణ అయిదు నిమిషాలు దాటిపోతే తమరేమీ అనుకోవద్దు.

ఇట్లు,
తమరి మార్జిన్లు కొట్టీ కొట్టీ వేళ్లు కాయలు కాచిన
తెలుగు మెథడ్ విద్యార్థిని