పెరట్లో ఇటుక మీద నిలబడిన గ్రిల్లు గారికి బహిరంగ లేఖ

తిరువాన్మియూరు, చెన్నై,
భోగికి ముందురోజు.

మహారాజశ్రీ గ్రిల్లు గారి సముఖమునకు,

ఇచ్చట మేమందరం క్షేమం. తమరి క్షేమసమాచారాలు తెలియజేయవలసిందిగా కోరనక్కరలేదు, ఎందుకంటే వంటింటి కిటికీలోంచి చూస్తే తమరు జామచెట్టు కింద మూడు కాళ్ల మీదా ఒక ఇటుక మీదా నిలబడి కనిపిస్తూనే ఉన్నారు. నాలుగో కాలు కార్తీకమాసంలో ఊడిపోయింది. అది ఎటు పోయిందో మా వీధికుక్కకు తెలిసి ఉండాలి.

తమరిని చేపలు కాల్చే సేవల నుంచి తప్పించి, ఆ స్థానంలో మరొకరిని నియమించుకోవాలని ఈ ఇంట్లో నిర్ణయం జరిగింది. ఆ సంగతి ముఖం మీద చెప్పే ధైర్యం లేక, అందరూ చదివేలా ఉత్తరం రాస్తున్నాను.

తమరు మా ఇంటికి వేంచేసిన తీరు నాకు బాగా గుర్తు. 2020 లాక్‌డౌన్‌లో ఇల్లు కదలకుండా కూర్చుని, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తమ పెరళ్లలో మాంసం కాల్చుకునే వీడియోలు చూసీ చూసీ, మనకూ పెరడు ఉంది కదా, అందులో బట్టలారేసే తీగ తప్ప మరో వైభవం లేదేమని నాకు అనిపించింది. 2021 సంక్రాంతికి 9,500 రూపాయలు పోసి తమరిని తెచ్చుకున్నాను. అట్టపెట్టె మీద తెల్లటి కుటుంబం ఒకటి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. పక్కన 'రస్ట్ ప్రూఫ్' అని పెద్ద అక్షరాలున్నాయి. తెచ్చిన కుర్రాడు తమరిని ఒంటిచేత్తో ఎత్తి మెట్లెక్కితే, అబ్బ, ఎంత తేలిక, ఎక్కడికంటే అక్కడికి జరుపుకోవచ్చు అని సంబరపడ్డాను. పెళ్లిచూపుల్లో పిల్లవాడు మరీ సన్నగా ఉంటే 'నాజూకు' అని మురిసిపోయిన అత్తగారి పొరపాటు లాంటిదే నాదీను.

ఈ ఐదేళ్లలో తమరి మీద మేము ఎన్నిసార్లు నిప్పు చేశామో వంటింటి క్యాలెండర్లలో మా ఆవిడ గుర్తు పెట్టుకుంటూ వచ్చింది. మొత్తం 34. అంటే ఒక్కొక్కసారికి సుమారు 280 రూపాయలు తమరి అద్దె, బొగ్గూ చేపా కాక. తక్కిన రోజులన్నీ తమరు ఏ పనీ లేకుండా జీతం తీసుకున్న ఉద్యోగిలా టార్పాలిన్ ముసుగు కప్పుకుని నిద్రపోయారు. తమరి మూతమీది థర్మామీటరు సూది మూడో నెలలోనే 150 డిగ్రీల దగ్గర ఆగిపోయి, నిప్పున్నా లేకున్నా, ఎండలోనూ వానలోనూ అదే అంకె చూపిస్తూ వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా వీధిని చెరువు చేసి, తాను మాత్రం వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, తమరు రెండు రోజులు మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు. అప్పుడు కూడా 150 డిగ్రీలే. ఆ ఆత్మవిశ్వాసాన్ని మాత్రం నేను ఎప్పటికీ కాదనను.

ఇక అసలు నేరానికి వస్తాను. మొన్న అక్టోబరులో ఒక ఆదివారం కాశిమేడు నుంచి వంజరం తెచ్చి, ముక్కలకు కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి తమరి మీద పేర్చాను. నెల్లూరు నుంచి మా బావమరిది వచ్చి ఉన్నాడు. ముక్కలు ఒకవైపు కాలి, తిరగేయబోతున్న క్షణంలో తమరి అడుగు చప్పుడు లేకుండా విడిపోయింది. కణకణలాడే బొగ్గులు గడ్డి మీదా, నా హవాయి చెప్పు మీదా పడ్డాయి. చెప్పు కాలిన వాసనలో వంజరం వాసన కలిసిపోయింది. మా బావమరిది కుర్చీలోంచి కదలకుండా, "ఏం బావా, దీనికి కింద కూడా పొయ్యి ఉందా?" అని అడిగాడు. ఆ మాట ఇప్పుడు నెల్లూరులో మా అత్తవారి వీధి అంతటా తెలుసు.

మర్నాడు తమరికి శవపరీక్ష జరిపాను. అడుగురేకు వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. ఇంకా ఆరోగ్యంగా ఉన్న ఒక మూలను పక్కింటి ఇంజనీరు గారి వెర్నియరుతో కొలిస్తే 0.6 మిల్లీమీటర్లు తేలింది. చదరపు మీటరు ఇనుపరేకు మిల్లీమీటరు మందం ఉంటే ఏడు కిలోల ఎనిమిది వందల గ్రాములకు పైగా తూగుతుంది. ఈ లెక్క ఆనాడే తెలిసి ఉంటే ఆ కుర్రాడు ఒంటిచేత్తో ఎత్తడం చూసి సంబరపడేవాణ్ని కాదు, వెనక్కి పంపించేవాణ్ని. అడుగురేకు మీద నల్లరంగుకూ తుప్పుకూ మధ్య ఏముందా అని గోకి చూస్తే, ఏమీ లేదు. నేను డబ్బు పోసి కొన్నది రంగునన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే ఈ హత్యలో నాకూ వాటా ఉంది. ప్రతిసారీ చేపలు తిని, చేతులు కడుక్కుని, బూడిద రేపు తీద్దాంలే అనుకుని మూత పెట్టేసేవాణ్ని. బొగ్గుల బూడిద గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. మా ఇంటికి కిలోమీటరు లోపే సముద్రం ఉంది కనుక ఆ తేమతోపాటు ఉప్పు కూడా వచ్చి చేరుతుంది. ఈశాన్య రుతుపవనాల మూడు నెలల్లో తమరి కడుపులో ఉన్నది బూడిద కాదు, ఉప్పు వేసిన గంజి. పైగా వానకు తడవకూడదని ప్రేమకొద్దీ కప్పిన టార్పాలిను మరింత ద్రోహం చేసింది. వాన తగిలే చోట పేరుకున్న ఉప్పు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది, వాన తగలని మూలల్లోనేమో పొరలు పొరలుగా పేరుకుంటుంది. సముద్రపు ఒడ్డున ఇనుము నీడపట్టునే ఎక్కువ చెడుతుందన్న సంగతి నాకు తమరిని పోగొట్టుకున్నాకే తెలిసింది.

తమరి వంశం మాత్రం గొప్పది, అది ఒప్పుకుంటాను. తమరి ఈ గుండ్రటి ఆకారం, మూతా, చికాగోలోని ఒక లోహపు కార్ఖానాలో పనిచేసిన జార్జ్ స్టీఫెన్ అనే ఆయన 1952లో, నీటిమీద తేలే బోయాను అడ్డంగా కోసి చేసుకున్న పొయ్యి నుంచి వచ్చాయి. నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే బతకవలసిన బోయా తమరి మూలపురుషుడు. ఆ వంశంలో పుట్టి సముద్రపు గాలికే తమరు ఇలా అయిపోవడం పెద్దల పరువు తీయడం కాదా?

సరే, తమరి స్థానంలోకి ఎవరిని తీసుకోవాలన్న విచారణ మొదలైంది. మొదటి ఆలోచన సహజంగానే స్టీలు. ఈ ఊళ్లో దాన్ని ఎవర్‌సిల్వర్ అంటారు. అది వెండీ కాదు, ఎల్లకాలం మెరిసేదీ కాదు. ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించి ఉన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని పారిస్ కార్నర్ వైపు దుకాణాలకు వెళ్లాను. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని మా నాన్నగారి కాలం నుంచీ వింటున్న మాట. ఆ అయస్కాంతం మీద ఏడుకొండలవాడి బొమ్మ ఉంది, తిరుపతిలో కొన్నది. నేను దాన్ని పళ్లేనికి ఆనించబోతే దుకాణం పెద్దాయన ముందుగా దాన్ని కళ్లకద్దుకుని, ఆపైన నెమ్మదిగా, "స్వామివారు 202కి కూడా అంటుకోరు సార్" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా చదువు మొదలైంది. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు కలిపితే 202 అవుతుంది. చూపుకు రెండూ కవల పిల్లలే, అయస్కాంతానికి రెండూ ఒకటే; పైగా అసలైన 304ను వంచిన చోట అయస్కాంతం కొద్దిగా అంటుకోవచ్చు కూడా. పెద్దాయన దగ్గర సీసాలో ఏదో ద్రావకం ఉంది. ఒక చుక్క వేసి, రంగు మారిన తీరును బట్టి ఏది ఏదో చెబుతారు. ఆయన చెప్పిన మరో సంగతి ఏమిటంటే, సముద్రపు ఒడ్డున 304 కూడా నిశ్చింతగా ఉండదు. స్టీలును కాపాడేది దాని ఒంటి మీద క్రోమియం తనంతట తాను కట్టుకునే కంటికి కనబడని పల్చటి పొర, ఉప్పు ఆ పొరకు చిల్లులు పెడుతుంది, అప్పుడు టీ ఒలికినట్టు గోధుమరంగు మచ్చలు పడతాయి. దానికి విరుగుడుగా రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపినది 316. దాని ధర విన్నాక నేను పెద్దాయనకు నమస్కారం చేసి, స్వామివారిని జేబులో వేసుకుని బస్సెక్కాను.

రెండో ప్రయత్నంగా మా వీధి చివరి వెల్డింగు షాపుకు వెళ్లి, "గ్రిల్లు చేయించాలి" అన్నాను. అతను వెంటనే టేపు తీసి, "కిటికీకా సార్, బాల్కనీకా? చదరపు అడుగు లెక్కా, కిలో లెక్కా?" అని అడిగాడు. ఈ ఊళ్లోనే కాదు, మన ఊళ్లలో కూడా గ్రిల్లంటే దొంగలు రాకుండా బిగించేదే కాని చేపలు పోకుండా పట్టేది కాదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. చేపల సంగతి చెప్పాక అతను చాలాసేపు ఆలోచించి, అయితే జీఐ రేకు వేద్దాం, జన్మలో తుప్పు పట్టదు అన్నాడు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా అడ్డం పడ్డాను. జీఐ రేకు మీద పూసేది జింకు. అది 419 డిగ్రీలకే కరిగిపోతుంది. విసనకర్రతో నాలుగుసార్లు విసిరితే ఎర్రబడ్డ బొగ్గు ఆ వేడిని ఎప్పుడో దాటేస్తుంది, అప్పుడు వచ్చే పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. తుప్పు పట్టని పొయ్యి మీద జ్వరం పట్టిన మనిషి వంట చేయడం మాకు అక్కరలేదు.

చివరికి దారి చూపింది షాపూ కాదు, పెద్దాయనా కాదు, మా ఆవిడే. నేను మూడు వారాలుగా రాత్రిళ్లు కాగితాల మీద అంకెలు వేసుకోవడం చూసి చూసి, "మా అమ్మమ్మ కుంపటి ఇంకా అటక మీద ఉంది తెలుసా?" అంది. పాత ఇనుపబాల్చీకి పక్కన బొక్క పెట్టి, లోపల మట్టి మెత్తి, మధ్యలో నాలుగు ఊచలు గుచ్చిన కుంపటి అది. దాని మీద ఆవిడ రోజూ కాఫీ డికాక్షనూ, ఆదివారాలు మొక్కజొన్న పొత్తులూ, చేపలు దొరికిన నాడు చేపలూ కాల్చేదట. మట్టి పగిలితే బంకమట్టిలో ఊక కలిపి మళ్లీ మెత్తేది, ఊచ వంగితే ఊచ మార్చేది, బాల్చీకి నిప్పు సెగ నేరుగా ఎన్నడూ తగిలింది లేదు. సాయంత్రం బూడిద తీసి అంట్లు తోమడానికి వాడేది కనుక రేపు తీద్దాంలే అన్న ప్రశ్నే ఆ ఇంట్లో పుట్టలేదు. పెట్టె మీద ఏమీ రాసి లేని ఆ బాల్చీ ముందు తమరి 'రస్ట్ ప్రూఫ్' ఎంత తేలిపోయిందో, అంత తేలికగా తమరిని ఎత్తిన ఆ కుర్రాడే సాక్షి.

కనుక కొత్తవారి నియామకపు షరతులు ఇలా ఖరారయ్యాయి. పెట్టె మూడు మిల్లీమీటర్ల మామూలు ఇనుపరేకు. తుప్పు పట్టనీ, అది తరిగి చిల్లు పడేసరికి నేను కూడా రిటైరవుతాను. నిప్పు కింద అడుగున వదులుగా పేర్చిన అగ్నిఇటుకలు ఉంటాయి, పగిలితే ఒకటి తీసి ఒకటి పెట్టుకోవచ్చు. చేప పెట్టే జల్లెడ మాత్రం ఎనిమిది మిల్లీమీటర్ల 304 ఊచలతో, మరలు లేకుండా, పైకి ఎత్తి తీసి ఇంట్లోకి తెచ్చుకునేలా ఉంటుంది. తమరికి మల్లే స్టీలు పలకలో మామూలు ఇనుప మరలు బిగించి, రెండు లోహాల మధ్య తగవు పెట్టి, మరలను చంపడం ఇందులో ఉండదు. అతుకులు చుక్క చుక్కగా కాకుండా పొడవునా వెల్డింగు చేయాలని, ఊచల మీద నల్లబడిన అతుకులను తెల్లగా రుద్ది ఇవ్వాలని షాపతని చేత ఒప్పించాను. అతను అందుకు 300 రూపాయలు ఎక్కువ అడిగాడు, బేరమాడలేదు. బూడిదకు సొరుగు ఉంటుంది. లోపల రంగు ఉండదు, దోసె పెనానికి చేసినట్టు నూనె రాసి కాల్చడమే. మొత్తం బరువు ముప్పై అయిదు కిలోలకు తగ్గదని అంచనా; ఒంటిచేత్తో ఎత్తగలిగితే తీసుకోనని షాపతనికి ముందే చెప్పాను. తీగల బ్రష్షు కూడా తమరితోపాటే సెలవు తీసుకుంటుంది. దాని వెంట్రుక ఒకటి విరిగి ఒకసారి మా అబ్బాయి చేపముక్కలో వచ్చింది. ఇకమీదట వేడి ఊచల మీద సగం ఉల్లిపాయ ఫోర్కుకు గుచ్చి రుద్దుతాను.

తమరి సంగతి. రేపు భోగి. ఇంట్లో పాతవన్నీ మంటలో వేసే రోజు కనుక తమరికీ ఆ గౌరవం దక్కించాలని చూశాను, కాని నిప్పులో వేసినా కాలకపోవడమే తమరు సాధించిన ఒకే ఒక్క మన్నిక. అందుకని కాయలాన్ కడ, అంటే పాత ఇనుపసామాను కొనే దుకాణం, అతణ్ని పిలిచాను. అతను తమరిని స్ప్రింగు త్రాసుకు తగిలించి, కర్రపిడి తీసేసి, తుప్పు రాలకుండా చూసుకుంటూ, తొమ్మిది కిలోలు, కిలో పాతిక, 225 రూపాయలు అన్నాడు. తమరి మీద ఒక్క ఆదివారం చేప కాల్చుకున్న అద్దె కూడా తిరిగి రాలేదని నేను మనసులో లెక్క వేసుకుంటూ ఉండగానే మా ఆవిడ వచ్చి మూత ఇవ్వడానికి వీల్లేదంది.

మూత ఒక్కటే ఎనామిల్. ఇనుము మీద గాజుపొడి కరిగించి అంటించిన పూత కనుక పెచ్చు లేవనంత కాలం దాన్ని ఉప్పుగాలి ఏమీ చేయలేదు. పైన గాలికోసం పెట్టిన బొక్కలు నీళ్లు పోవడానికి సరిగ్గా సరిపోయాయి. దాన్ని తలకిందులుగా రెండు ఇటుకల మధ్య కూర్చోబెట్టి, మట్టి నింపి, మా ఆవిడ పుదీనా నాటింది. సూది ఇంకా 150 డిగ్రీల దగ్గరే ఉంది, పుదీనా మాత్రం చిగురు వేస్తోంది.

ఇట్లు,
తమరి బూడిద తీయని యజమాని