భుజం మీద చుక్క చాలదా?

ప్రమోషన్ వచ్చిన పోలీసు అధికారులకు కిందివాళ్ల చేత పని చేయించడం ఎలాగో శిక్షణ ఇవ్వాలని కొందరు అడుగుతున్నారట. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. భుజం మీద కొత్త చుక్క పడగానే అందులోంచి జ్ఞానం నేరుగా మెదడుకెక్కుతుందనే కదా ఇన్నాళ్లూ అందరం నమ్మాం! చుక్క కుట్టిన దర్జీకే రాని అనుమానం వీళ్లకెందుకొచ్చినట్టు?

కొత్తగా చేరిన కానిస్టేబుల్ సంగతి వేరు. వాణ్ని ఒంటరిగా వీధిలోకి వదలరు. పక్కనే ఒక సీనియర్ కూర్చుని, బండి ఎలా ఆపాడు, తలుపు కొట్టేటప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, రిపోర్టు ఎలా రాశాడు అని వారాల తరబడి, రోజూ మార్కులు వేస్తాడు. అమెరికాలోని శాన్ హొసేలో 1970ల మొదట్లో పుట్టిన ఈ పద్ధతి తర్వాత ఆ దేశమంతా పాకింది. మరి ఎనిమిది మంది మంచిచెడ్డలు చూడాల్సిన కొత్త అధికారికి? శుక్రవారం ఆర్డరు, సోమవారం డ్యూటీ. మధ్యలో శని, ఆదివారాలు ఖాళీయే కదా, నేర్చుకోలేడా?

పైగా ఇతను సామాన్యుడు కాడు. దొంగను అర కిలోమీటరు తరిమి పట్టుకున్నవాడు. అందుకేగా, ఇక పరిగెత్తొద్దని కుర్చీలో కూర్చోబెట్టాం.

ఆ మొదటి రాత్రి డ్యూటీ మాత్రం చూసి తీరాల్సిందే. నిన్నటి దాకా ఒకే బండిలో తిరిగిన స్నేహితుడు ఎదురుగా వరసలో నిలబడ్డాడు. 'ఏరా' అనడానికి లేదు. 'సార్' అనడానికి నోరు రాదు. పాపం, క్రియాపదం చివర సగం మింగేసి "ఇక్కడ సంతకం పెట్టా... పెడితే..." అని కాగితం ముందుకు తోశాడు. మన అధికారి కూడా "పెడతా... పెడదాం" అన్నాడు. 'పెడదాం' అంటే ఒకే కలం ఇద్దరూ పట్టుకుని పెట్టాలేమో మరి.

కాగితం మామూలుదే. ఒకణ్ని పట్టుకునేటప్పుడు బలప్రయోగం జరిగిందని రిపోర్టు. "అనుమానితుడు పారిపోతూ నాపైకి దూసుకొచ్చాడు" అని ఉంది. పారిపోయేవాడు పైకెలా దూసుకొచ్చాడన్న ప్రశ్న మన అధికారి గొంతు దాకా వచ్చింది. అడిగితే స్నేహం పోతుంది, అడగకపోతే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చుక్క చెప్పాలి. చుక్క మెరిసింది గానీ ఏమీ చెప్పలేదు. చివరికి 'దూసుకొచ్చాడు' తర్వాత ఫుల్‌స్టాప్ లేదని గమనించి, తనే పెట్టాడు. నాణ్యత అంటే అదీ!

ఈలోగా పరిశోధకులు ఊరుకోరు కదా. అమెరికాలో రెండు నగరాల్లో 81 మంది పర్యవేక్షకుల వెంట తిరిగి చూసి 2003లో ఒక నివేదిక వేశారు. అందులో వీళ్లను నాలుగు రకాలుగా తేల్చారు: కాగితాలూ రూల్సూ చూసుకునేవాళ్లు, కొత్త పద్ధతులు నేర్పేవాళ్లు, పైవాళ్ల కోపం నుంచి తమవాళ్లను గొడుగులా కాచేవాళ్లు, తామే వీధిలోకి దిగేవాళ్లు. నాలుగో రకం దగ్గర పనిచేసేవాళ్లు సొంత చొరవతో ఎక్కువ పని చేస్తున్నారట. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆ అధికారి తనే చెయ్యి చేసుకునే రకమైతే, కిందివాళ్లూ అదే దారి పట్టారట. అంటే పాఠం చెప్పినా చెప్పకపోయినా కిందివాడు నేర్చుకుంటూనే ఉన్నాడన్నమాట. ఇంకా ఈ శిక్షణ ఖర్చెందుకండీ?

అయినా తప్పదంటే, మాకు తెలిసిన శిక్షణ ఒకటుంది. రెండు రోజులు, ఏసీ హాలు, డెబ్బై స్లైడ్లు. మొదటి స్లైడులో 'నాయకత్వం', చివరి స్లైడులో 'ధన్యవాదాలు'. తర్వాత గ్రూపు ఫోటో, సర్టిఫికెట్. దీనివల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

కానీ వీళ్లడిగేది అది కాదు. కొత్త అధికారిని పాత అధికారి పక్కన కొన్ని వారాలు కూర్చోబెట్టాలట. ఇద్దరూ కలిసి బాడీ కెమెరా వీడియో చూసి, రిపోర్టు పక్కన పెట్టుకుని, ఏ వాక్యం ఎక్కడ తేడా కొడుతోందో వెతకాలట. స్నేహితుణ్ని గదిలోకి పిలిచి "ఇది మళ్లీ రాయి" అనడం ముందే రిహార్సల్ చేయించాలట. వరసగా మూడు రాత్రుళ్లు డ్యూటీ చేసినవాడి కళ్లు చూసి, ఈ పూట వాణ్ని బండి ఎక్కించకూడదని పసిగట్టడం నేర్పాలట. ఇవన్నీ నేర్పేస్తే ఇక చుక్క దేనికి, భుజానికి అందమా?

అన్నట్టు, ఆ రాత్రి మన అధికారి సంతకం పెట్టేశాడు. కింద పేరు, తేదీ రాశాడు. హోదా అన్నచోట అలవాటుగా పాతదే రాసి, చూసుకుని, కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో కొత్తది ఇరికించాడు. స్నేహితుడు కాగితం అందుకుని "థాంక్స్ రా" అన్నాడు. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.