రెండు వేల మూడొందల ఇంకు పెన్ను గారికి

మహారాజశ్రీ ఇంకు పెన్ను గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయు లేఖార్థములు.

ఉభయకుశలోపరి. నిజానికి ఉభయుల్లో ఒకరే కుశలం. మీరు ప్రస్తుతం నా బల్ల మీద గాజు గ్లాసులో మునిగి, నిన్న రాత్రి నుంచి స్నానం చేస్తున్నారు. మామూలు నీళ్ళే పోశాను, వేడినీళ్ళు మీ ఒంటికి పడవట. నాలుగుసార్లు నీళ్ళు మార్చాను, ఇంకా నీలంగానే వస్తున్నాయి. "మీ నాన్నకి ఆపరేషనైనప్పుడు కూడా నువ్వు ఇంత సేవ చెయ్యలేదురా" అని మా అమ్మ వంటింట్లోంచి అంటోంది. ఈ లేఖ మీతో రాస్తున్నది కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. దేంతో రాస్తున్నానో చివర్లో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి, మీ విషయంలో నేను పట్టలేదూ?

అసలు మీరు మా ఇంటికి ఎందుకొచ్చారో గుర్తు చేస్తాను. నేను ఎకనామిక్స్ లెక్చరర్ని. కిందటేడు స్పాట్ వాల్యుయేషన్ నుంచి వచ్చేసరికి నా మధ్యవేలి మొదటి కణుపు పక్కన శనగగింజంత కాయ కాసింది. బాల్ పెన్ను రాయాలంటే నొక్కాలి కదా, నొక్కితేనే ఆ గుండు దొర్లుతుంది, జిడ్డు ఇంకు కాగితానికి అంటుతుంది. ఇంకు పెన్నుకి ఆ గొడవ లేదు. పల్చటి సిరా పాళీ చీలికలోంచి తనంతట తనే కాగితంలోకి దిగుతుంది, మనం చెయ్యాల్సిందల్లా చెయ్యి నడపడమే. ఇది నాకు ఆరో తరగతిలోనే తెలుసు. మా బడిలో ఇంకు పెన్నుతోనే రాయించేవారు. ఒలికిన ఇంకుని సుద్దముక్కతో పీల్చడం, రాయకపోతే ముందు బెంచీవాడి వీపు వైపు విదిలించడం, పాళీని తలకి తుడుచుకోవడం, ఏప్రిల్ ఒకటిన తెల్ల యూనిఫాంలో బడికి వెళ్ళి నీలం యూనిఫాంలో ఇంటికి రావడం, అన్నీ తెలుసు. తెలిసీ ముప్ఫై ఏళ్ళు నొక్కుతూ బతికాను.

సరే, ఇంకు పెన్ను కొందామనుకున్నాను. ఇక్కడి నుంచి తప్పంతా మీది.

యాభై రూపాయల పెన్ను ఉంది. దాని మీద ఎవరికీ ఆశలుండవు, రాస్తే సంతోషం, కక్కితే యాభై రూపాయలు. ఇరవై, ముప్ఫై వేల పెన్ను ఉంది, అది రాయడానికి కాదు, పెట్టెలో ఉండి చుట్టాలకి చూపించడానికి. ఈ రెండింటి మధ్యా వెయ్యి నుంచి మూడు వేల దాకా మీ సంతానం. మీరు అచ్చం మా మధ్యతరగతే. తెల్ల రేషన్ కార్డుకి ఎక్కువ, కారుకి తక్కువ. పోనీలే అని పారెయ్యడానికి మనసొప్పదు, గర్వంగా జేబుకి పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరు. మీ పాళీ స్టీలుదే, మీ ధరలో బంగారం రాదు. బంగారం పాళీ పెన్నులు కూడా ఉంటాయట అని ఓ రాత్రి పైకి చదివితే, అప్పటిదాకా ఫోన్లో మునిగున్న మా ఆవిడ "బంగారమా?" అని ఇటు తిరిగింది. కాగితానికి తగిలే ఆ చివరి చుక్క మాత్రం స్టీలుకైనా బంగారానికైనా ఒకే రకం గట్టి లోహమని, బంగారమంతా పైపై సోకేనని వివరించాను. "ఆ సోకు పెన్నుకెందుకండీ, ఇక్కడ మనుషులున్నారు" అని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయింది.

మిమ్మల్ని ఎంచుకోవడానికి నాకు నలభై ఏడు రోజులు పట్టింది. మా పెళ్ళిచూపులు నలభై నిమిషాల్లో అయిపోయాయి. ఒక మనిషి వీడియోలో ముఖం చూపించకుండా, రెండు చేతులు మాత్రం చూపిస్తూ, పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, "ఈ టక్ శబ్దం వినండి" అంటుంటే నేను అర్ధరాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ టక్కు విన్నాను. లామీ సఫారి అనే పెన్ను 1980 నుంచి వస్తోందని, పట్టుకునే చోట మూడు పలకలుంటాయని, వేళ్ళు అక్కడే పెట్టాలని తెలుసుకున్నాను. మెలితిప్పే మూతలో పాళీ త్వరగా ఆరదంటారు, నొక్కే మూత తీయడం తేలికంటారు. రోజుకి పాతికసార్లు సంతకం పెట్టేవాడికి ఏది మేలో తేల్చడానికి నాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. పదకొండు గడుల పట్టిక వేశాను: బరువు, పొడవు, మూత, ఇంకు ఎంత పడుతుంది, ఇలా. నలభై ఏడు రోజుల్లో నేను చేత్తో రాసింది ఆ పట్టిక ఒక్కటే. అది కూడా నగల కొట్టువాళ్ళు కేలండరుతో పాటు ఉచితంగా ఇచ్చిన బాల్ పెన్నుతో.

ఆ పదకొండు గడుల్లోనూ లేని గడి ఒకటుంది. అక్కడే కొంప మునిగింది.

పాళీ లావు. అందరూ ఎం సైజు, అంటే మీడియం, తీసుకోండి, వెన్నలా జారుతుంది అన్నారు. తీసుకున్నాను. వాళ్ళు రాసేది ఇంగ్లీషు. మీరొచ్చిన రోజు మీకు పసుపు కుంకుమ పెట్టి (నవ్వకండి, అమ్మ పట్టుబట్టింది) మొదటి మాటగా శ్రీరామ అని రాశాను. శ కింద రావత్తు బాగానే తిరిగింది, పైన గుడిదీర్ఘం సున్న మాత్రం పూడుకుపోయి ఓ నల్లచీమ కూర్చున్నట్టుంది. సరే, అమ్మ పేరు రాద్దామని లక్ష్మి అని రాశాను. క కింద ష, దాని కింద మ, పైన గుడి. ఇల్లు, మేడ, మేడ మీద వాటర్ ట్యాంకు, ఇంత కట్టడం రూళ్ళ నోటు పుస్తకం గీతల మధ్య ఎనిమిది మిల్లీమీటర్లలో లేపాలి. మీ ఎం పాళీతో ఆ మూడంతస్తులూ ఒకదానిలోకొకటి కూలిపోయాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఎవరి పేరురా ఇది?" అంది. ధకీ దకీ తేడా పోయింది, థ పొట్టలో చుక్క మాయమైంది. ఆ వారం నా లెసన్ ప్లాన్ చూసిన ప్రిన్సిపాల్ గారు ధరల సిద్ధాంతాన్ని దరల సిద్ధాంతమని చదివి నావైపు అదోలా చూశారు.

తర్వాత తెలిసింది, జపాన్ వాళ్ళ ఎఫ్ పాళీ, అంటే ఫైన్, సన్నం రకం, జర్మనీ వాళ్ళ ఎఫ్ కన్నా సన్నగా ఉంటుందట, దాదాపు ఒక సైజు తేడా. చిన్న గడిలో బోలెడన్ని గీతలున్న అక్షరాలు రాసుకునే జాతి కాబట్టి వాళ్ళకి ఆ సన్నదనం కావాల్సి వచ్చిందని చెప్తారు. మరి మనకి ఒత్తులున్నాయి కదా! ఇంత పెద్ద ప్రపంచంలో తెలుగువాడి కష్టం జపాన్ పాళీకి అర్థమైంది, నా పట్టికకి అర్థం కాలేదు.

ఇక్కడ మా మామయ్య సంగతి చెప్పాలి. ఆయనది రాజమండ్రి. ఆ ఊరివాళ్ళకి రాత విషయంలో పొగరు రెండు వైపుల నుంచీ ఉంటుంది. ఒకవైపు నన్నయ గారు, ఆయనకి ఇంకు గొడవే లేదు, తాటాకు మీద గంటంతో గీసుకుపోవడమే. ఇంకోవైపు రత్నం పెన్ను. గాంధీగారు స్వదేశీ వస్తువేదైనా చెయ్యమన్నారని కె.వి. రత్నం గారు పెన్ను తయారు చెయ్యడం, 1935లో గాంధీగారు ఆ పెన్నుతో రాసి చూసి బాగుందని ఆయనకి ఉత్తరం రాయడం, ఈ కథ చెప్పకుండా మా మామయ్య ఎవరికీ కాఫీ ఇవ్వడు. మామయ్య దగ్గరుండేది బొద్దుగా, నల్లగా, ఎబొనైట్‌ది. రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన సరుకు అది, లేత్ మీద చేత్తో తిప్పి చేస్తారు, చెమటపట్టిన వేళ్ళలో కూడా జారదు. లోపల కన్వర్టర్ గట్రా ఏమీ ఉండవు. కన్వర్టర్ అంటే ఒక మిల్లీలీటరు పట్టడానికి కిందా మీదా పడే సిరంజి లాంటి గొట్టం. ఈయన మూడు మిల్లీలీటర్లు ఫిల్లరుతో నేరుగా కడుపులోకి పోసి, మరలు బిగించి, రెండు వారాలు ఇంకు మాటెత్తడు.

"పెన్ను కొనడానికి నలభై ఏడు రోజులేంట్రా అబ్బాయ్? కొట్లో బల్ల ముందు కూచో, నువ్వు రాసుకునే కాగితమే పట్టుకెళ్ళు, మీ అమ్మ పేరు పదిసార్లు రాయి, సన్నం కావాలంటే సన్నం పాళీ వేయించుకో" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది కూడా, అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ ఉంది, ఓసారి వచ్చి చేతికి ఆనించి చూసుకో బావా అన్నాడు. విన్నానా? అర్ధరాత్రి పన్నెండున్నరకి, ఇంకా మూడే మిగిలాయని ఎర్రక్షరాల్లో కనబడేసరికి కంగారుపడి నొక్కేశాను. ఇప్పటికీ అక్కడ మూడే మిగిలాయి, నిన్న కూడా చూశాను.

ఇక కాగితం. మిమ్మల్ని దృష్టిలో పెట్టుకుని కాగితం చేసేవాడు మా ఊళ్ళో ఒక్కడు లేడు. కాలేజీ రిజిస్టరులో సంతకం పెడితే అవతలి పేజీలో రేపటి తారీఖు దగ్గర కూడా నా సంతకం పడుతోంది. అటెండెన్సు ముందే వేసేసుకుంటున్నారా సార్ అని అటెండరు అడిగాడు. కిరాణా చీటీ మీద కందిపప్పు అని రాస్తే అక్షరాలకి వేళ్ళు మొలిచి పాకి మర్రిచెట్టులా తయారైంది. మీకోసం మంచి నోటు పుస్తకం కొంటే దాని ధర రెండొందల నలభై. అందులో పాలలెక్క రాయడానికి చేతులు రాలేదు, ఇంకేం రాయాలో తోచలేదు, అది అలాగే తెల్లగా ఉంది. పిల్లలకి క్షీణోపాంత ప్రయోజన సూత్రం (ఒకే వస్తువు పెరిగేకొద్దీ దానివల్ల వచ్చే అదనపు తృప్తి తగ్గుతుందని) పదిహేనేళ్ళుగా చెప్తున్నాను, ఇంత వివరంగా నాకెప్పుడూ అర్థం కాలేదు.

తెల్లచొక్కా దగ్గరికొద్దాం. ఇంతసేపూ మీరు మీరు అంటూ వచ్చాను, ఈ పేరా నుంచి నావల్ల కాదు, నువ్వే.

మే నెల, మధ్యాహ్నం బస్సు, కిటికీ పక్క సీటు. నువ్వు జేబులో బుద్ధిగా పాళీ పైకి పెట్టుకుని నిలబడే ఉన్నావు, ఆ మాట ఒప్పుకుంటాను. నేనే ముందు సీటు రాడ్డుకి తల ఆనించి కునుకు తీశాను. నేను వంగాను, నువ్వూ తలకిందులయ్యావు. నీ కడుపులో పావువంతు ఇంకు, ముప్పావు గాలి. నా గుండె వేడి ఒకటి, ఎండ వేడి ఇంకొకటి, ఆ గాలి ఉబ్బి ముందున్న ఇంకుని తోసింది, తోస్తే పాళీలోంచి మూతలోకి, మూతలోంచి జేబులోకి. సైన్సు ప్రకారం నీ తప్పేం లేదు. కడుపు నిండా ఇంకుంటే గాలికి చోటుండేది కాదు, ఇలా కక్కేవాడివీ కాదు. సగం ఖాళీ అయినప్పుడే ఇంకు పొయ్యాలని నాకెవరైనా ముందే చెప్పుండాల్సింది. కండక్టరు మాత్రం నన్ను లేపి "సార్, గుండె దగ్గర ఏదో అయ్యిందండీ" అన్నాడు. పక్కసీటు పెద్దావిడ ఏడవడానికి సిద్ధమైపోయింది, రంగు నీలమని చూసి తమాయించుకుంది. ఆ చొక్కాకి నిమ్మకాయ, ఉప్పు, పాలు, టూత్‌పేస్టు, వీధి వీధంతా చెప్పిన చిట్కాలన్నీ అయ్యాయి. ఇప్పుడది స్కూటరు తుడుస్తోంది.

అయినా నిన్ను వదల్లేదు. బ్యాంకులో ఆ పని జరిగేదాకా వదల్లేదు.

క్యూలో వెనకాయన "సార్, ఒక్కసారి పెన్నిస్తారా" అన్నాడు. మూత నా దగ్గరే ఉంచుకుని నిన్నిచ్చాను, మూత లేని పెన్ను ఎవడూ జేబులో పెట్టుకుపోడని అందరికీ తెలిసిన కిటుకే కదా. ఆయన నిన్ను నిటారుగా, గునపం పట్టినట్టు పట్టి, పాళీని బోర్లా తిప్పి, కింద కార్బన్ కాపీ ఉందని గుర్తొచ్చి కాబోలు, మొత్తం బరువు పెట్టి నొక్కాడు. కర్ర్‌మంది. నాకు వినబడింది, అర్ధరాత్రి ఇయర్‌ఫోన్లు లేకుండానే. పాళీ రెండు కాళ్ళూ అటొకటి ఇటొకటి చాపింది. ఆయన నిన్ను వెలుతురులో ఎత్తి చూసి, రెండుసార్లు విదిలించి, నా చేతిలో పెట్టి "రీఫిల్ అయిపోయినట్టుందండీ" అన్నాడు.

కాళ్ళు రెండూ గోటితో దగ్గరికి నొక్కి ఎలాగో సరిచేశాను. చిత్రమేమిటంటే ఆ దెబ్బ తర్వాత ఒక పక్కకి వాల్చి రాస్తే నీ గీత సన్నబడింది. మొన్న రాత్రి కరెంటు లేనప్పుడు, ఆ తెల్ల నోటు పుస్తకం తీసి, కొవ్వొత్తి దగ్గర ఊరికే లక్ష్మి అని రాశాను. మూడంతస్తులూ నిలబడ్డాయి. చప్పుడు లేదు, వేలి మీద బరువు లేదు, తడి ఇంకు మీద కొవ్వొత్తి వెలుగు పడి మెరిసి ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. ఒక పేజీ నిండా అదే రాశాను. తెల్లారి అమ్మకి చూపిస్తే "రామకోటైనా పుణ్యం వచ్చేది కదరా" అంది గానీ, ఆ పేజీ చింపి దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఆ పేజీ కోసమే నీకు ఈ స్నానం, ఈ నీళ్ళు మార్చడం. బయటికొచ్చి ఒళ్ళారాక మళ్ళీ బ్రిల్ ఇంకు బాటిల్ తీస్తాను. బ్యాంకుకి మాత్రం ఇక తీసుకెళ్ళను.

ఇట్లు,
నీ ఇంకు పోయువాడు

తా.క.: తా.క. అంటే తాజా కలమని ఎప్పుడో మాస్టారు చెప్పారు. పై లేఖంతా ఆ నగల కొట్టు బాల్ పెన్నుతో రాసింది, ఈ నాలుగు వాక్యాలు మాత్రం నిజంగానే తాజా కలంతో రాస్తున్నాను. నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది, ఈసారి జపాన్‌ది, ఎఫ్, ఖరీదు రెండు వేల ఆరొందలు. మా ఆవిడకి ఎనిమిదొందలని చెప్పాను, దయచేసి ఆ ఒక్కటీ కక్కకు.