వాచ్‌మన్‌కి బావమరిదట, ఇంకేం వెరిఫికేషన్ కావాలి!

పొద్దున్నే స్కూల్ గ్రూపులో మెసేజ్: "ఈ రోజు నుంచి వ్యాన్‌కి కొత్త డ్రైవర్." పేరు లేదు, ఫొటో లేదు. ఫోన్ చేసి పోలీస్ వెరిఫికేషన్ అయిందా అని అడిగా. "చాలా మంచోడు మేడమ్, మన వాచ్‌మన్‌కి బావమరిది" అంది ఫ్రంట్ ఆఫీస్ అమ్మాయి. అయితే సరే!

గ్రూపులో అడిగితే ఒక తండ్రిగారు "ఓవర్‌థింకింగ్ వద్దండీ, వ్యాన్ టైముకి వస్తే చాలు" అన్నారు. దానికి లైకులే లైకులు.

ఇదే స్కూలు ఎల్‌కేజీ సీటు ఇచ్చేముందు మా ఇద్దరి డిగ్రీలు అడిగింది. మా ఆయనకి ఇంగ్లిష్ వచ్చో రాదో కూర్చోబెట్టి చూసింది. ఫీజు కట్టేవాళ్లకేమో ఇంటర్వ్యూ, పిల్లల్ని ఎక్కించుకుపోయేవాడికేమో చుట్టరికం!

2022 అక్టోబర్ అప్పుడే మర్చిపోయారా? బంజారాహిల్స్‌లో నాలుగేళ్ల పాప. లైంగిక దాడి చేసింది ప్రిన్సిపల్ గారి డ్రైవర్. అదీ బడిలోనే. మర్నాడు స్కూళ్లన్నీ "భద్రతే మా ప్రాధాన్యం" అని సర్క్యులర్లు పంపాయి. వాడికి 2023లో 20 ఏళ్ల శిక్ష పడింది. సర్క్యులర్లు ఏమయ్యాయో మరి.

పిల్లలపై లైంగిక నేరాల్ని అడ్డుకునే చట్టం పోక్సో. దాని 2020 రూల్స్‌లో స్పష్టంగా ఉంది. టీచరైనా, ఆయా అయినా, కాంట్రాక్టు మనిషైనా పోలీస్ వెరిఫికేషన్ ఉండాలి, అదీ ఎప్పటికప్పుడు. బడులే కాదు, క్రెష్‌లు, స్పోర్ట్స్ అకాడమీలు కూడా. మీ వాడి స్కేటింగ్ కోచ్‌ని ఎవరైనా అడిగారా? పాత కేసు లేనంత మాత్రాన మంచోడేం కాదు, తెలుసు. ఉన్న కేసైనా చూడాలిగా!

మనకి ఆరా తీయడం రాకనా? కూకట్‌పల్లిలో అద్దె ఇంటికి వెళ్లి చూడండి. మీరేమిట్లు, నాన్‌వెజ్ తింటారా, చుట్టాలు ఎక్కువా... ఓనర్ ఆంటీ ముందు సీబీఐ కూడా దిగదుడుపే.

పిల్లల సంగతి వదిలేయండి, పెద్దవాళ్ల గతి ఇంకా ఘోరం. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మా మామయ్యగారికి ఏజెన్సీ నుంచి అటెండెంట్‌ని పెట్టుకున్నాం. ఆధార్ జిరాక్స్‌లో ఒక మొహం, గుమ్మంలో ఇంకో మొహం. "పాత ఫొటో మేడమ్" అన్నారు. నమ్మాం. ఓ రోజు మామయ్యగారి చెయ్యి కమిలి ఉంది. ఏమైందంటే ఆయన చెప్పలేరు, వాడు చెప్పడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "రీప్లేస్‌మెంట్ పంపిస్తాం". మరి వాణ్ణి? "వేరే కస్టమర్ దగ్గర వేశాం మేడమ్."

రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం తిరిగివ్వలేదు. అది వాళ్ల రూల్స్‌లో లేదట!