ఐదు నిమిషాల హెల్దీ లంచ్ బాక్స్ రీల్ గారికి ఒక ఉత్తరం

రీల్ గారూ, నమస్కారం.

మీరు క్షేమమేనని నాకు తెలుసు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ ముట్టుకుంటే చాలు, అందరికంటే ముందు మీరే కనిపిస్తారు. తెల్ల గోడ, తెల్ల గట్టు, దాని మీద ఒక్క మరక లేదు, స్టవ్ మీద పాలు పొంగిన ఆనవాలు అసలే లేదు, ఇస్త్రీ నలగని కాటన్ చీరలో ఒకావిడ, వెనకాల సన్నగా వేణువు. "హాయ్ అమ్మలూ, రేపు పిల్లల బాక్సులోకి ఏం పెట్టాలా అని టెన్షన్ పడుతున్నారా?" అంటారు. ఆ మాట వినేదాకా నాకు టెన్షన్ లేదండీ. ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉంది, పల్లీ చట్నీ చేద్దామనుకున్నా, ఇక పడుకుందామనుకున్నా. మీరొచ్చాక తెలిసింది, దోసె అంటే వట్టి కార్బ్స్ అని, పల్లీ చట్నీ అంటే నూనె అని, నా పిల్లల ఎముకలు, మెదడు, కంటిచూపు అన్నీ రేపు పొద్దున ఏడున్నరకి నేను కట్టే ఒక్క డబ్బా మీద ఆధారపడి ఉన్నాయని.

ముందు ఈ ఐదు నిమిషాల సంగతి తేల్చుకుందాం. మీ కొర్రల కిచిడీ చూశాను. మొదటి సెకనులోనే "రాత్రంతా నానబెట్టిన కొర్రలు ఒక కప్పు" అని గిన్నె వంచేశారు. ఆ రాత్రి ఎవరి ఖాతాలోదండీ? పక్కనే వరసగా బుల్లి బుల్లి గాజు గిన్నెలు, ఒకదాంట్లో సన్నగా తరిగిన బీన్స్, ఒకదాంట్లో తురిమిన క్యారెట్, ఒకదాంట్లో ఒలిచిన బఠానీ, చివర్న ఉన్న దాంట్లో చిటికెడంటే చిటికెడు పసుపు. తరగడం, తురమడం, ఒలవడం మీ ఐదు నిమిషాల్లోకి రావు. ఆ గిన్నెలు కడగడం అసలే రాదు. చిటికెడు పసుపుకి ఒక గాజు గిన్నె వాడిన మనిషిని మా ఇంట్లో అయితే పనమ్మాయి మర్నాడు నుంచి పలకరించదు. ఇక మిక్సీ జార్‌లో బ్లేడు కింద ఇరుక్కుపోయే పిండి సంగతి మీకు తెలియనే తెలియదనుకుంటా, ఎందుకంటే మీ జార్ ఒక రీల్‌లో వాడాక మళ్లీ కనిపించదు.

"ఒక కప్పు మునగాకు" అని కూడా తేలిగ్గా అనేస్తారు. మా వీధి చివర బండి దగ్గర దొరికే కట్టలో ఆకు కప్పుల్లెక్కన ఉండదు, రెమ్మలుగా ఉంటుంది, రెమ్మకి ఈనెలు, ఈనెకి అటూ ఇటూ గోరంత ఆకులు. వేళ్లతో దూయడం మొదలుపెడితే టీవీలో ఒక సీరియల్ అయిపోతుంది, కప్పు నిండదు. తొందరపడి ఈనెలు వదిలేశామా, పప్పులో అవి నోటికి పుల్లల్లా గుచ్చుకుంటాయి, ఒక్క పుల్ల తగిలిందంటే మా చిన్నోడు గిన్నె మొత్తం పక్కకి నెట్టేస్తాడు, ఆ వారమంతా ఆకుపచ్చగా ఉన్న ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తాడు. దీనికి మా అమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది. కట్టని తడి లేకుండా పాత పంచెలోనో, పేపర్లోనో గట్టిగా చుట్టి రాత్రంతా పక్కన పెట్టేయాలి, పొద్దునకి ఆకులు వాటంతటవే వదులైపోతాయి, విదిలిస్తే రాలిపోతాయి. ఇంత పనికొచ్చే ముక్క మీరెప్పుడూ చెప్పగా నేను చూడలేదు. ఎందుకు చెబుతారు, పాత పంచె దులుపుతుంటే వేణువు ఏం బాగుంటుంది? మీరు మాత్రం దాన్నే పొడి చేసి, సీసాలో పోసి, లింకు బయోలో ఉందన్నారు.

నిమిషాల లెక్క నాకంటే బాగా కట్టినవాళ్లు ఉన్నారులెండి. కేంద్ర గణాంకాల వాళ్లు 2024లో ఎవరు రోజంతా ఏం పనికి ఎంతసేపు పెడుతున్నారో సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారట. మగవాళ్లు 88. అదైనా ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటే, పెట్టనివాళ్లు ఆ లెక్కలోనే లేరు. 289లో మీ ఐదు తీసేస్తే మిగిలిన 284 నిమిషాల మీద ఒక్క రీల్ చేయండి, చూసి పెడతాను, లైక్ కూడా కొడతాను.

మరో సంగతి. మీరు రాగులు, కొర్రలు, అరికెలు ఇవాళే భూమ్మీదకి దిగినట్టు పరిచయం చేస్తారు చూడండి, అది మా అమ్మకి ఎంత వినోదమో. అమ్మది కడప పక్క పల్లె. చిన్నప్పుడు పూటపూటకీ రాగి సంగటే, వరన్నం పండక్కీ చుట్టాలొచ్చినప్పుడూ. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక ఆ పల్లెల్లో తెల్లన్నం రోజూ కంచంలోకి వచ్చింది. ఆకలి తీరింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను, ఆ బియ్యం తిని పెరిగినవాళ్లం మనం. కానీ దాంతో పాటే సంగటి లేనివాళ్ల తిండి అన్న పేరు ఇంకా గట్టిపడింది. "సంగటి తింటామని చెప్పుకోవాలంటే సిగ్గయ్యేది పాపా, ఇప్పుడు దాన్నే దుడ్లు పోసి కొంటాండారా" అని నవ్వుతుంది అమ్మ. మన దేశమే అడిగి మరీ 2023ని ఐక్యరాజ్యసమితి చేత చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటింపజేసింది, ఆ తర్వాత మీకు పట్టపగ్గాల్లేవు. రాగి బ్రౌనీ, రాగి పిజ్జా, రాగి డోనట్. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్న మాట నిజమే, ఒప్పుకుంటా. అది సంగటిలోనూ అంతే ఉందండీ, చాక్లెట్ ముక్కలు చల్లక్కర్లేదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు ఉన్నారు, ఎక్కువమంది దళిత రైతులు. ఈ గింజల్ని ఎవరూ పట్టించుకోని రోజుల్లో విత్తనం బుట్టల్లో దాచి, చేను నుంచి చేనుకి పంచుకుని నిలబెట్టింది వాళ్లు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. కెమెరా పట్టడం కూడా వాళ్లకి కొత్త కాదు, సొంతంగా పంటల మీద ఫిల్ములు తీశారు. అందుకని నాకు కెమెరాతో పేచీ లేదు. వాళ్ల కెమెరాలో చేను కనిపిస్తుంది, మీ కెమెరాలో డిస్కౌంట్ కోడ్ కనిపిస్తుంది, నా పేచీ అక్కడ.

"నో షుగర్" అన్న మీ లడ్డూ గురించి కూడా రెండు ముక్కలు. కప్పు బెల్లం, అరకప్పు ఖర్జూరం, పైన తేనె. చక్కెర లేదు, నిజమే, దాని చుట్టాలందరూ వచ్చారు. పాలల్లో కలిపే పొడుల సంగతీ అంతే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకి ఆ పొడుల్ని హెల్త్ డ్రింక్స్ వరసలోంచి తీసేయమని చెప్పింది, ఆహార భద్రత చట్టంలో అసలు అలాంటి వర్గమే లేదు కనక. ఆ నెలలో మీరు ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో గమనించాను. మళ్లీ నెలకి ఇంకో పొడితో వచ్చారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ "హాయ్ అమ్మలూ" ఒక ఎత్తు. "హాయ్ నాన్నలూ" అని మీరెప్పుడైనా మొదలుపెట్టారా? మగాడు గరిటె పడితే చెఫ్ అంటారు, లక్షల్లో వ్యూస్, బిర్యానీ, నిప్పులు, గుభాళింపు. సోమవారం పొద్దున ఆరింటికి క్యారేజీలోకి బెండకాయ వేపుడు మాత్రం అమ్మ ప్రేమ. ప్రేమ అన్నాక ఇక జీతం, సెలవు, ఒళ్లు నొప్పి అనే మాటలు ఎత్తకూడదు. మా అత్తయ్య మంచావిడే, పక్క గదిలో కూర్చునే మిమ్మల్ని నాకు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తుంటారు, కింద ఒక నమస్కారం బొమ్మ పెట్టి. నోటితో చెబితే కోడలు ఏమనుకుంటుందోనని మొహమాటం. అదే ఫ్యామిలీ గ్రూపులో వాళ్లబ్బాయి కూడా ఉన్నాడు కానీ, ఆయనకి వచ్చేవి శని త్రయోదశి మెసేజీలు.

మీ రీల్‌లో పాప ఒక ముద్ద తిని "యమ్మీ" అంటుంది, కట్. ఆ కట్ తర్వాత ఏం జరిగిందో నాకు చూడాలని ఉంది. క్యారెట్‌ని నక్షత్రాలుగా కత్తిరించి పెట్టమన్నారు, మా పెద్దది మూడో తరగతి, సాయంత్రం డబ్బా తెరిస్తే నక్షత్రాలన్నీ ఆకాశంలో ఉన్నట్టే చెక్కుచెదరకుండా ఉన్నాయి. "బాగుందని అందరికీ చూపించానమ్మా" అంది. తినలేదా అంటే, బొమ్మని ఎవరైనా తింటారా అన్నట్టు చూసింది. నక్షత్రాలు పోగా మిగిలిన క్యారెట్ ముక్కలు సాంబార్లో వేశాను, అవి మాత్రం తింది.

ఉడకబెట్టిన గుడ్డు మీద మీరొక్క రీల్ చేయలేదెందుకు? ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ? అరటిపండు? పెరుగన్నంలో దానిమ్మ గింజలు? లింకు పెట్టడానికి ఏమీ లేదు కదా వాటికి. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2024 మేలో భారతీయులు ఏం తినాలో 17 సూత్రాలుగా చెప్పింది. పెద్దవాళ్లు రోజుకి కూరగాయలు, పండ్లు కలిపి అర కిలో తినమంది, పప్పుధాన్యాలు తినమంది, ఉప్పు, చక్కెర, నూనె తగ్గించమంది, ప్రొటీన్ పొడులు కొనొద్దంది. అంతా చదివితే మా అమ్మ చెప్పే మాటల్లాగే ఉంది, వేణువు లేదు, అందుకే ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఆంధ్రా సర్కారు బడుల్లో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగి జావ మొదలుపెట్టారు. బడినిండా పిల్లలకి పొద్దున్నే జావ కాచి పోసే అక్కని మీ పక్కన నిలబెట్టి, ఇప్పుడు చెప్పండమ్మా ఐదు నిమిషాలు అంటే ఎంత అని అడగాలని నా కోరిక.

రేపేం వండాలన్న ఆలోచన నాకు ఎక్కడ పుడుతుందో చెప్పనా, మీకు పనికిరాకపోయినా. ఆఫీసులో ఒంటిగంటకి డబ్బాలు తెరిచే బల్ల దగ్గర. నిజామాబాద్ ఆవిడ జొన్న రొట్టెలోకి అవిసె గింజల పొడి తెస్తుంది, అది చూసి మా ఇంట్లో ఇడ్లీలోకి నెయ్యి, అవిసె పొడి అలవాటైంది, పిల్లలు అందులో ఒమేగా ఏదో ఉందని తెలియకుండానే తింటున్నారు. రాజమండ్రి అమ్మాయి బీరకాయ చెక్కు పారేయదు, నువ్వులేసి పచ్చడి నూరుతుంది. నేను పెసరట్టు పిండిలో సొరకాయ తురుము కలిపేది కూడా అక్కడ నేర్చుకున్నదే, అట్టు మెత్తగా వస్తుంది, సొరకాయ అంటే ముఖం మాడ్చుకునేవాళ్లకి దొరకదు. ఆ బల్ల దగ్గర ఎవరూ "మంచి అమ్మ అంటే" అని మొదలుపెట్టరు. "నిన్న ఒంట్లో బాలేదు, మ్యాగీ పెట్టేశా" అంటే "ఏం కాదులే, రాత్రికి పప్పు పెట్టు" అంటారు. రైతు బజారు కూడా అంతే. టమాటా కిలో వంద దాటినప్పుడు చింతకాయ, మామిడికాయ, గోంగూర ఏది చవగ్గా ఉంటే అదే ఆ వారం పప్పులోకి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పొరుగింటావిడ కనీసం గిన్నెతో పంపిస్తుంది, మీరు చూపించి వెళ్లిపోతారు.

మీ మీద నాకు కోపం లేదు, అలవాటుగా రేపు రాత్రి కూడా చూస్తాను. చిన్న విన్నపం మాత్రం. ఈసారి సింకు చూపించండి. కూరగాయలు తెచ్చిన సంచీ, అందులో ఒక కుళ్లిన టమాటా చూపించండి. "ఐదు నిమిషాలు" అన్నచోట "నాకు ఇద్దరు సాయం ఉన్నారు, ముందురోజు గంటన్నర పట్టింది" అని కింద చిన్న అక్షరాల్లోనైనా రాయండి. అవకాడో బదులు ఒక్కసారి జామకాయ పెట్టండి. పిల్ల వద్దని ఉమ్మేసిన ముద్ద కూడా కట్ చేయకండి. వీలైతే "హాయ్ నాన్నలూ" అని ఒక్క వారం పిలిచి చూడండి, వ్యూస్ పడిపోతే మళ్లీ మా దగ్గరికే రండి, మేమెక్కడికీ పోం.

ఈ ఉత్తరం మా ఆయనకీ పంపించాను. హాల్లోంచి థంబ్సప్ పెట్టారు, పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా. రేపటి కొర్రలు ఆయన్నే నానబోయమన్నా. "ఎన్ని నీళ్లు పోయాలి?" అని మెసేజ్ వచ్చింది, ఆ వెంటనే మీ రీల్ లింకు కూడా పంపారు, ఇందులో చెప్పలేదే అని.

ఇట్లు,
మీ కింద సేవ్ బటన్ నొక్కి మళ్లీ తెరవని ఒక అమ్మ
కూకట్‌పల్లి, హైదరాబాద్