కొండచిలువ గారి దుష్ప్రవర్తన

పెంపుడు పాముల్లో విశ్వాసం అడుగంటిపోతోంది. వేలు పోసి తెప్పించి, అద్దాల పెట్టెలో కాపురం పెట్టించి, తెల్లెలుకలు మేపితే, అనంతపురంలో బాల్ పైథాన్ అనే చిన్నజాతి విదేశీ కొండచిలువ ఒకటి యజమాని వేలే పట్టుకుంది. "ఇంత తిండి పెడ్తాంటే కరుస్తాదేందబ్బా?" అని ఇంటిల్లిపాదీ నిలదీస్తే నాలుక ఆడించి ఊరుకుంది. విచారణ తప్పదు.

ముందు కాటు సంగతి. పాము కరిచి వెంటనే వదిలేస్తే భయం. పట్టుకుని చుట్టేస్తే ఆకలి, అంటే వేలిని ఎలుక అనుకుంది. ఇక్కడ జరిగింది రెండోదే. ఎలుకను ముట్టిన చెయ్యి కడుక్కోకుండానే అయ్యగారు నీళ్లగిన్నె మార్చబోయారు. పైగా మేత వేళ తప్ప పెట్టె తెరవడమే అరుదు. తలుపు తెరిస్తే భోజనమే అని నేర్పిందెవరు? మేత లేని రోజు ముందు కొక్కెం కడ్డీతో ఒంటి మీద మెల్లగా తట్టాలి. ఈ పొద్దు సంగటి లేదని దానికి అర్థమవుతుంది. కరిచాక మాత్రం వేలు లాగకూడదు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, చర్మం చీరుతుంది, పాము పళ్లూ విరుగుతాయి. తల మీద చన్నీళ్లు పోస్తే వదులుతుంది. (మే నెలలో మన కొళాయిని నమ్ముకోవద్దు, కుండ నీళ్లు వాడండి.)

ఇక బంధువుల మెడలో దండలా పడుకోలేదన్న అభియోగం. కొత్త పామును వారం పాటు ముట్టుకోకూడదు. మేత సరిగ్గా తినడం మొదలెట్టాకే వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు చేతిలోకి తీసుకోవాలి. పైనుంచి చెయ్యి దించితే దాని లెక్కలో అది గద్దే. పక్కనుంచి వచ్చి నడుము కింద ఆసరా ఇచ్చి ఎత్తాలి. మేత తిన్నాక 48 గంటల్లోపు కదిలిస్తే కక్కేయొచ్చు. వీళ్లేమో తెచ్చిన రోజే వాట్సాప్ స్టేటస్ కోసం చేతులు మార్చారు. అది బెదిరి తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటే, "అబ్బ, అప్పుడే మాలిమి అయిపోయిందే!" అన్నారు.

చిరాకు ఎక్కువట. పెట్టెలో ఒక వైపు 31-33 డిగ్రీలు, ఇంకో వైపు 25-27, దాక్కోడానికి రెండు వైపులా గూళ్లు, గాలిలో 60 శాతం దాకా తేమ దాని కనీస కోరికలు. రాత్రంతా ఏసీ వేస్తే గాలి ఎండిపోయి కుబుసం ముక్కలుగా అంటుకుపోతుంది. కుబుసానికి ముందు కళ్లు పాలరంగుకు మారి చూపు మసకబారుతుంది. ఆ రోజుల్లో పలకరిస్తే బుస్సుమంటుంది మరి. నాగుల చవితికి అత్తగారు పోసిన పాలు తాగలేదన్న ఫిర్యాదును మాత్రం కొట్టేస్తున్నాం. పాములకు పాలు అరగవు.

నెలల తరబడి ఓపిక పడితే బుసలు మానేసి చేతి మీద నింపాదిగా పాకుతుంది. ఇళ్లల్లో దాన్ని ప్రేమ అంటున్నారు. మీరు చెట్టుకొమ్మ కంటే ప్రమాదకరం కాదని అది తేల్చుకుంది, అంతే.

ఈ విదేశీ పామును కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, పిల్లలు పుట్టినా అది చచ్చినా తెలపాలి. ఇంత తంటా ఎందుకు, మన చేలల్లో దొరికే రెండు తలల పాము సాధువు కదా అని కొందరు సలహా ఇస్తున్నారు. సాధువే. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకుని ఇంట్లో పెట్టుకోవడం నేరం. పాము మంచితనం చూపించి బెయిలు అడిగే వీలు అందులో పెట్టలేదు.